థూజా (కంచెగా పెంచే సతతహరిత) చెట్లు లోపల ఎండిపోతున్నాయి, ఎత్తు కూడా ఎక్కువైంది. కత్తిరించవచ్చా?

ఎండిన ఆకు ఎక్కడుందో ముందు చూడండి. కాండానికి దగ్గరగా ఉన్న పాత ఆకులు మాత్రమే శరదృతువులో గోధుమ రంగుకి మారి రాలుతుంటే కంగారు అక్కర్లేదు, ఏటా జరిగేదే. కొమ్మల చివర్లు ఎండుతుంటే మాత్రం మొదట నీటినే అనుమానించాలి. థూజా వేర్లు పైపైనే పరుచుకుంటాయి. అందుకే నాటిన మొదటి రెండేళ్లు నేల లోతుగా తడిసేలా నీళ్లు పెట్టాలి, నిలవ మాత్రం ఉండనివ్వకూడదు. మొదలు చుట్టూ 5–8 సెం.మీ. మందాన మల్చింగ్ (నేలను కప్పే ఎండుటాకులు, చెక్కపొట్టు లాంటి పొర) వేయండి, కాండానికి తగలకుండా. కొమ్మలకు చిన్న సంచుల్లా వేలాడేవి కాయలనుకునేరు, అవి పురుగుల గూళ్లు! చేత్తో ఏరి పారేయండి.

చాలామంది చెట్టు పాడుచేసుకునేది కత్తిరింపు దగ్గరే. పచ్చని ఆకున్న మేరకే కోయాలి. ఆకులేని పాత కొమ్మలోకి కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు, ఆ బోసితనం అలాగే ఉండిపోతుంది. పైభాగం కొద్దిగా తగ్గించవచ్చు గానీ సగానికి నరకొద్దు. అడుగుభాగం కాస్త వెడల్పుగా ఉంచితే కింది కొమ్మలకీ ఎండ తగులుతుంది.

నిజానికి ఎత్తు సంగతి రకం ఎంచుకునేటప్పుడే తేలిపోతుంది. ‘ఎమరాల్డ్ గ్రీన్’ సాధారణంగా 4 మీటర్ల దరిదాపుల్లో ఆగుతుంది, ‘గ్రీన్ జెయింట్’ 15 మీటర్లు దాటగలదు. ఇంటి గోడ పక్కన రెండోదాన్ని నాటి ఏటా కత్తెర పట్టుకోవడం దండగ.