ఆకులో గీత గీసింది ఎవరు?

ప్రశ్న: నిమ్మ చిగుళ్ల మీద, టమాటా ఆకుల మీద ఒకేలాంటి తెల్లటి వంకర గీతలు కనిపిస్తున్నాయి. రెండింటినీ పాముపొడ అనే అంటున్నారు. పురుగు ఒకటేనా?

కాదు. టమాటా మీద ఆ సన్నని గీత గీసేది సాధారణంగా లిరియోమైజా అనే చిన్న ఈగ పిల్ల. నిమ్మ మీదిది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అనే చిమ్మట పిల్ల. చిమ్మట ఒళ్లంతా తెలుపు, ముందు రెక్క కొసన నల్లచుక్క. రెక్కలు చాపి కొలిచినా 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది.

తేడా తెలియాలంటే పురుగు ఇంకా లోపల ఉన్న ఆకును కోసి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని, 10 రెట్ల లెన్స్‌తో గీత వెడల్పుగా ఉన్న కొసను చూడండి. ముందు తల వెతకండి. చిమ్మట పిల్లకు గట్టి తల, కోసే దవడలు ఉంటాయి. ఈగ పిల్లకు తల అంటూ ఉండదు. ముందు కొసన నల్లటి నోటి కొక్కేలు మాత్రం ఆడుతూ కనిపిస్తాయి. తర్వాత విసర్జన చూడండి. లిరియోమైజా పక్కకు ఒరిగి తింటూ, మధ్యమధ్యలో అటు నుంచి ఇటు తిరుగుతుంది. అందుకే నల్లటి రెట్ట ఒకసారి ఈ అంచున, ఒకసారి ఆ అంచున పడుతుంది. నిమ్మ పురుగు గీతలో రెట్ట నడిమధ్యన ఒకే సన్నని దారంలా సాగుతుంది. ఆ పురుగు ఆకు కండను కొరకదు. పైపొర కణాలను చీల్చి రసం తాగుతుంది. గీత వెండిలా మెరవడానికి కారణం లోపల చేరిన గాలి.

టమాటా ఆకులో సన్నని గీత కాక వెడల్పాటి మచ్చలా తొలిచి ఉంటే మాత్రం ఈగను అనుమానించకండి. అది టూటా అబ్సల్యూటా కావచ్చు, అదీ చిమ్మటే.

ప్రశ్న: నిమ్మకు ఎన్నిసార్లు మందు కొట్టినా తగ్గడం లేదు. ఎందుకు?

పురుగు పైపొర కింద ఉంటుంది కాబట్టి తగిలితేనే చంపే మందు దాన్ని చేరదు. పైగా గీత కొట్టొచ్చినట్టు కనిపించేసరికి చాలా పురుగులు ఆకు అంచును మడిచి ప్యూపా దశలోకి వెళ్లిపోయి ఉంటాయి. తల్లి చిమ్మట లేత ఆకు మీదే గుడ్డు పెడుతుంది, ముదిరిన ఆకును ముట్టదు. కనుక ముదురు ఆకు మీద పిచికారీ దండగ. లోపలి పురుగును తినే బుల్లి కందిరీగలు చచ్చిపోవడం అదనపు నష్టం. నత్రజని ఎక్కువ వేయడం, వేళగాని వేళ కొమ్మలు గట్టిగా కత్తిరించడం వల్ల చిగుళ్లు విడతలు విడతలుగా వస్తూనే ఉంటాయి, పురుగుకు మేత తెగదు. కాపుకొచ్చిన చెట్టు ఈ దెబ్బను తట్టుకుంటుంది. గీతలు పడ్డ ఆకులను తుంచేయకండి, అవి ఇంకా చెట్టుకు ఆహారం తయారుచేస్తూనే ఉంటాయి. లేత మొక్కల విషయం వేరు, వాటిని కాపాడుకోవాల్సిందే. గజ్జి తెగులు ఉన్న తోటలోనూ జాగ్రత్త అవసరం: చిరిగిన పైపొర గుండా ఆ బ్యాక్టీరియా సులువుగా లోపలికి పోతుంది.

ప్రశ్న: చిమ్మట మీసం అడుగున కంటిని కప్పే మూత ఉంటే అది నెప్టిక్యులిడే (ఆకు తొలిచే బుల్లి చిమ్మటల కుటుంబం) అయినట్టేనా?

అంత తొందర వద్దు. మీసం మొదటి కణుపు వెడల్పై కంటి మీద మూతలా వాలడం ఓపోస్టెగిడే, బక్యులాట్రిసిడే అనే వేరే చిమ్మట కుటుంబాల్లోనూ ఉంది. గ్రాసిలారిడే కుటుంబానికి చెందిన మన నిమ్మ పురుగులోనూ చిన్నగా ఉంది. మూతతో పాటు నెత్తిన కుచ్చులా లేచిన వెంట్రుకలు, ముందు రెక్క కంటే పొట్టి మీసాలు కలిస్తేనే నెప్టిక్యులిడే వైపు మొగ్గాలి.

అసలు నెప్టిక్యులిడే, గ్రాసిలారిడే దగ్గరి చుట్టాలు కావు. నెప్టిక్యులిడే ఆడదానికి జతకట్టడానికీ గుడ్డు పెట్టడానికీ ఒకటే ద్వారం. గ్రాసిలారిడే, సీతాకోకచిలుకలతో సహా, రెండు ద్వారాలున్న డిట్రీసియా అనే పెద్ద శాఖలోది. ఆకులో దూరి బతికే పద్ధతి వేర్వేరు శాఖల్లో విడివిడిగా పుట్టిందన్నమాట. ఇక జాతి తేల్చాలంటే రెక్క రంగును నమ్మలేం. పొట్ట కొసను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మెత్తబరిచి జననాంగాలను చూడాలి, లేదా జాతిని గుర్తించడానికి వాడే సీఓఐ అనే జన్యువులోని 658 డీఎన్‌ఏ అక్షరాల ముక్కను (బార్‌కోడ్) చదివించాలి.

ప్రశ్న: పండుబారిన ఆకులో పురుగున్న చోటు మాత్రం పచ్చగా ఎందుకుంటుంది?

సైటోకైనిన్లు అనే హార్మోన్లు ఆ ముక్కను ముదరనివ్వవు. యాపిల్ ఆకును తొలిచే ఫిల్లోనోరిక్టర్ బ్లాంకార్డెల్లాలో ఈ పనికి పురుగు ఒంట్లోని వోల్బాకియా బ్యాక్టీరియా కావాలని 2010లో వచ్చిన పరిశోధన చూపింది. మందిచ్చి బ్యాక్టీరియాను తీసేస్తే పచ్చ మచ్చ ఏర్పడలేదు.

ప్రశ్న: ఆకు తెచ్చి డబ్బాలో పెడితే బూజు పడుతోంది. చిమ్మటను ఎలా పొదిగించాలి?

తడి ఎక్కువైంది. ఒక్కో ఆకును విడిగా చిన్న డబ్బాలో, టిష్యూ కాగితం మీద పెట్టండి. కాగితం చెమ్మగా ఉంటే చాలు. పిండితే నీళ్లు రాకూడదు. మూత లోపల నీటి బొట్లు కట్టగానే తెరిచి తుడవండి. ఎండ తగలనివ్వకండి. నెప్టిక్యులిడే పురుగులు చాలావరకు ఆకు చీల్చుకుని బయటికొచ్చి గూడు అల్లుకుంటాయి, కాబట్టి కాగితం మడతలు వదిలిపెట్టాలి. నిమ్మ పురుగైతే మడిచిన ఆకు అంచును కదపకండి, ప్యూపా అందులోనే ఉంటుంది.

పురుగు వెళ్లిపోయిన ఆకును పారేయకుండా కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి, మొక్క పేరు, చోటు, తేదీ రాసిపెట్టండి. చిమ్మట ఒక్కటే దొరికితే పేరు తేల్చడం కష్టం. ఆకు తోడుంటే పని సగం అయినట్టే. డబ్బాలోంచి చిమ్మటకు బదులు మెరిసే బుల్లి కందిరీగ వస్తే దాన్నీ అదే ఆకు చీటీతో 95 శాతం ఆల్కహాల్‌లో దాచండి.