కొత్త ప్యాక్ ఎక్కించే ముందు పాతవి ఎక్కడున్నాయో చూసుకో

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్900 కీబోర్డు కొన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. "నాదస్వరం, డోలు, డప్పు ప్యాక్‌లు దొరికాయి మామయ్యా, శనివారం ప్రోగ్రాం ఉంది, శుక్రవారం రాత్రి ఎక్కించేస్తాను" అన్నావు. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు. ఇదైతే కీబోర్డు పక్కన పెట్టుకుని చూసుకుంటూ చేసుకోవచ్చు.

శుక్రవారం మాత్రం వద్దు. శనివారం ప్రోగ్రాం ఇప్పుడు కీబోర్డులో ఉన్న టోన్లతోనే, అంటే ఉన్న వాయిద్యాల శబ్దాలతోనే వాయించు. ఎందుకో చెప్తాను.

ప్యాక్ అంటే బయటి నుంచి తెచ్చుకునే టోన్ల మూట. కీబోర్డులో అది చేరే చోటే ఎక్స్‌పాన్షన్ మెమరీ. అది మన ఇంటి బీరువా లాంటిది కాదు. బీరువాలో ఉన్న బట్టల మీద ఇంకో చీర పెడితే పాతవి పోవు. ఇది అలా కాదు. కొత్త ప్యాక్ ఎక్కించిన ప్రతిసారీ ఆ మెమరీలో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోయి, కొత్తగా ఇచ్చిందే మిగులుతుంది. కీబోర్డుతో వచ్చిన సొంత టోన్లకి ఏమీ కాదు, మనం బయటి నుంచి తెచ్చి ఎక్కించినవే పోతాయి. ఎక్కించే ముందు తెర మీద హెచ్చరిక వస్తుంది. తొందరలో ఉన్నవాడు దాన్ని చదవడు. నేనూ చదవలేదు.

అప్పుడు నా దగ్గర ఎస్ఎక్స్700 ఉండేది. పెళ్లి రిసెప్షన్ ప్రోగ్రాం ముందు రోజు రాత్రి ఒక షెహనాయ్ ప్యాక్ దొరికింది. అది ఒక్కటీ ఎక్కించి, రెండు స్వరాలు వాయించి చూసుకుని, బాగుందనుకుని పడుకున్నాను. మర్నాడు స్టేజీ మీద మూడో పాటకి రిజిస్ట్రేషన్ బటన్ (ఆ పాటకి ముందే సేవ్ చేసి పెట్టుకున్న టోన్లని పిలిచేది) నొక్కితే నాదస్వరం రాలేదు. డోలు కూడా రాలేదు. ఏడాది పాటు ఒక్కొక్కటిగా కూర్చుకున్న టోన్లన్నీ ఆ ఒక్క షెహనాయ్ కోసం చెరిగిపోయాయి. గాయని నా వైపు చూస్తోంది, తబలా ఆయన చూస్తున్నాడు, పల్లవి ముందు బిట్ నేనే వాయించాలి. ఫ్లూట్ టోన్‌తో ఎలాగో లాగించాను. ఆ రాత్రంతా చెవుల్లో ఆ ఫ్లూటే మోగింది. నీకు ఆ టెన్షన్ రాకూడదనే ఇంత చెప్తున్నాను.

కాబట్టి లెక్క ఇలా పెట్టుకో. అసలు సామాను కంప్యూటర్‌లో ఉంటుంది, కీబోర్డులో ఉన్నది దాని నకలు మాత్రమే. యమహా ఎక్స్‌పాన్షన్ మేనేజర్ అని ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఉంది. మనవాళ్లు వైఈఎం అంటారు. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది, ఫోన్‌లో నడవదు. నీ ప్యాక్‌లన్నీ అందులో చేర్చి పెట్టుకోవాలి. కొత్తది ఒకటి వచ్చినప్పుడల్లా పాతవాటికీ కొత్తదానికీ కలిపి టిక్ పెట్టి, అన్నిటినీ ఒకే ఫైలుగా తయారుచేసి ఎక్కించాలి. ఒక్క కొత్తది ఎక్కించాలన్నా మొత్తం మళ్లీ ఎక్కించాల్సిందే. వేరే దారి లేదు.

ఇక్కడ నీకు ఇంకో చిక్కు ఉంది. నీది సెకండ్ హ్యాండ్. నీకు అమ్మినాయన ఎక్కించుకున్న ప్యాక్‌లు ఇప్పుడు ఆ కీబోర్డులో ఉండే ఉంటాయి. వాయిస్ జాబితాలో (టోన్లనే అక్కడ వాయిస్ అంటారు) ఎక్స్‌పాన్షన్ అనే చోట చూడు. వాటిని కీబోర్డు నుంచి కంప్యూటర్‌లోకి వెనక్కి తీసుకోవడం కుదరదు. నువ్వు శుక్రవారం నీ ప్యాక్ ఎక్కిస్తే అవి శాశ్వతంగా పోతాయి. ముందు ఆయనకి ఫోన్ చెయ్యి. "అన్నా, ఈ కీబోర్డు కోసం మీరు కొన్న ప్యాక్‌ల ఒరిజినల్ ఫైళ్లు ఉంటే ఇవ్వండి" అని మర్యాదగా అడుగు. కొనుక్కున్న ప్యాక్‌లు మనిషికి కాదు, ఆ ఒక్క కీబోర్డుకి ముడిపడి ఉంటాయి. కీబోర్డు నీ చేతికి వచ్చింది కాబట్టి ఆ ఫైళ్లు నీకే పనికొస్తాయి, ఆయనకి ఇక వాటితో పని లేదు. అడిగితే ఇవ్వడానికి చాలామంది వెనకాడరు.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెప్తాను.

మంచి పెన్ డ్రైవ్ ఒకటి దీనికే కేటాయించు. సినిమాలు, పాటలు ఉన్నది వద్దు. దాన్ని కీబోర్డుకి పెట్టి, కీబోర్డులోనే ఫార్మాట్ చెయ్యి. అందులో ఉన్నదంతా పోతుందని తెలుసు కదా. తర్వాత మెనూలో ఎక్స్‌పాన్షన్‌లోకి వెళ్తే నీ కీబోర్డు సమాచార ఫైలును పెన్ డ్రైవ్‌లో తయారుచేసే వీలు కనిపిస్తుంది. చివర ఎన్27 అని ఉండే చిన్న ఫైలు వస్తుంది. అది నీ కీబోర్డుకి ఆధార్ కార్డు అనుకో. దాన్ని వైఈఎంలోకి తీసుకుంటే ఎడమ పక్కన నీ ఎస్ఎక్స్900 పేరు కనిపిస్తుంది. ఈ పని ఒక్కసారి చేస్తే చాలు. ఆ ఎన్27 ఫైలుని నీ మెయిల్‌కి నువ్వే పంపుకుని దాచుకో. ఎప్పుడు ప్యాక్ కొన్నా అమ్మేవాళ్లు ముందు అడిగేది అదే.

డౌన్‌లోడ్ చేసిన ప్యాక్ ఫైలు చివర పీపీఎఫ్ అని గానీ సీపీఎఫ్ అని గానీ ఉంటుంది. పాత మోడళ్ల కాలం నాటివి పీపీఎఫ్, కొత్తవి సీపీఎఫ్. ఎక్కడైనా ప్యాక్ పేరుతో ఈఎక్స్ఈ ఫైలు ఇస్తే దాన్ని తెరవకు. అది ప్యాక్ కాదు. ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో లాప్‌టాప్‌కి పంపుకునే అలవాటు ఉంటే మానుకో. నేరుగా లాప్‌టాప్‌లోనే దించుకో. వందల ఎంబీ ఫైళ్లు కదా, మధ్యలో సిగ్నల్ పోతే సగమే దిగి ఆగిపోతుంది. వాళ్లు చెప్పిన సైజూ నీకు దిగిన సైజూ ఒకటేనా అని చూసుకున్నాకే వైఈఎంలోకి తీసుకో.

ఆ తర్వాత ఎడమ పక్కన నీ కీబోర్డు పేరు మీద నొక్కి, కావలసిన ప్యాక్‌లకి టిక్ పెట్టు. ఎంత మెమరీ నిండిందో అక్కడే చూపిస్తుంది. నీ ఎస్ఎక్స్900కి సుమారు 1 జీబీ ఉంటుంది. నా ఎస్ఎక్స్700కి 400 ఎంబీ మాత్రమే, ఒకటి పెట్టాలంటే ఒకటి తీయాల్సి వచ్చేది. అన్నీ సరిచూసుకుని ఎక్స్‌పోర్ట్ చేస్తే సీపీఐ ఫైలు వస్తుంది. పార్టీ పేరే, మర్చిపోవు. దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసి, కీబోర్డులో ప్యాక్ ఇన్‌స్టలేషన్‌కి వెళ్లి ఎక్కించు. చాలాసేపు పడుతుంది, చెయ్యి పెట్టకుండా కూర్చో. ఆ సమయంలో కరెంటు పోకూడదు. ఇన్వర్టర్ ఉన్న గదిలో చెయ్యి. మీ ఇంట్లో లేకపోతే మా ఇంటికి తీసుకురా, అంతేగానీ కరెంటు కోతల సమయంలో సాహసం చేయకు.

అమ్మేవాళ్ల గురించి ఒక మాట. కొందరు "ఎన్27 పంపండి, మేమే సీపీఐ చేసి ఇస్తాం, నేరుగా ఎక్కించుకోండి" అంటారు. పని సులువుగా అయినట్టే ఉంటుంది. కానీ అందులో వాళ్ల ప్యాక్ ఒక్కటే ఉంటుంది, ఎక్కించగానే నీ మిగతావన్నీ పోతాయి. సీపీఐ వద్దు, నా కీబోర్డు కోసం తయారుచేసిన సీపీఎఫ్ ఇవ్వండి అని డబ్బు కట్టే ముందే అడుగు. అప్పుడు నువ్వే మిగతావాటితో కలుపుకోవచ్చు. అలాగే స్నేహితుడి కీబోర్డు కోసం చేసిన సీపీఐ నీ దాంట్లో ఎక్కదు. దాని కోసం తిరిగి టైమ్ పాడుచేసుకోకు.

పెన్ డ్రైవ్ నిండా దొంగ ప్యాక్‌లు పోసి చవగ్గా అమ్మేవాళ్లూ తగులుతారు. వాళ్ల దగ్గర కొనకు, అల్లుడూ. ఒక నాదస్వర విద్వాంసుణ్ణి కూర్చోబెట్టి ఒక్కొక్క స్వరం రికార్డు చేయించి, దాన్ని కీ కీకి సరిచేయడానికి ఎంత శ్రమ అవుతుందో నేను దగ్గరుండి చూశాను. మనం కూడా వాయిద్యం మీద బతికేవాళ్లమే. మొదట యమహా వాళ్లు ఉచితంగా ఇచ్చే ప్యాక్‌లు దించుకుని చెయ్యి అలవాటు చేసుకో. తర్వాత నీకు నిజంగా కావలసినది ఒక్కటి కొనుక్కో.

నిజంగా కావలసినది అంటే ఏంటో కూడా చెప్తాను. మరో పియానో, మరో స్ట్రింగ్స్ వద్దు. ఆ కీబోర్డులో ఉన్నవే చాలా మంచివి, ముందు వాటిని పూర్తిగా విను. మనకి దొరకనివి మన వాయిద్యాలు. నాదస్వరం, డోలు, డప్పు, మంచి హార్మోనియం. ఆ 1 జీబీ వాటికి ఉంచు. నాదస్వరం టోన్ వచ్చినంత మాత్రాన నాదస్వరం రాదు. ఒక్కో కీ విడివిడిగా నొక్కితే గమకం ఎక్కడి నుంచి వస్తుంది? నీ ఎస్ఎక్స్900కి ఎడమ వైపు జాయ్‌స్టిక్ ఉంది. స్వరం నుంచి స్వరానికి దాంతో జారడం రోజూ అరగంట సాధన చెయ్యి. పెళ్లిలో అసలు నాదస్వరం విన్నప్పుడు ఆయన ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో గమనించు. నువ్వు కూడా అక్కడ కీ వదులు. టోన్ అప్పుడు బతుకుతుంది.

స్టైల్స్, అంటే మనం వాయిస్తుంటే కీబోర్డు తనంతట తాను వేసే తాళం, వాటి విషయంలో చాలామంది పొరపడతారు. తీన్‌మార్ స్టైల్ దొరికిందని సంబరపడి ఎక్కిస్తారు, వాయిస్తే డప్పు బదులు ఇంగ్లీష్ డ్రమ్స్ మోగుతాయి, లేదా ఏమీ మోగదు. స్టైల్ ఫైలు చాలా చిన్నది. ఎప్పుడు ఏ దెబ్బ పడాలో మాత్రమే అందులో రాసి ఉంటుంది. దెబ్బ శబ్దం ప్యాక్‌లో ఉన్న డ్రమ్ కిట్ నుంచి రావాలి. ఆ కిట్ నీ దగ్గర లేకపోతే స్టైల్ ఒక్కటీ తెచ్చుకుని లాభం లేదు. ఎవరైనా స్టైల్ ఇస్తానంటే ఇది ఏ ప్యాక్ మీద చేశారని అడుగు.

నాకు మాత్రం డప్పు సొంతంగా చేసుకోవడమే ఇష్టం. వైఈఎంలో కొత్త డ్రమ్ కిట్ తెరిచి, కీ కీకి ఒక్కో వేవ్ ఫైలు (రికార్డు చేసిన శబ్దం ఫైలు) పెట్టుకోవచ్చు. మీ ఊళ్లో డప్పు వాయించే పెద్దాయన ఎవరైనా ఉంటే బతిమాలి, ఆయనకి తగినంత ఇచ్చి రికార్డు చేసుకో. డప్పుని మంట దగ్గర కాచాక తోలు బిగుస్తుంది, శబ్దం ఖణేల్‌మంటుంది. చల్లారేకొద్దీ వదులై శృతి దిగిపోతుంది. నేను మొదటిసారి మధ్యలో కబుర్లు చెప్పుకుంటూ రికార్డు చేశాను. ఇంటికొచ్చి చూస్తే మొదటి దెబ్బకీ చివరి దెబ్బకీ పొంతన లేదు. కాచిన వెంటనే వరసగా తీసుకో. చిర్రతో కొట్టినవి, చిటికెన పుల్లతో కొట్టినవి వేరువేరుగా, ఒక్కొక్కటీ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా. ప్రతి ఫైలు మొదట్లో ఖాళీ నిశ్శబ్దం వెంట్రుకంత కూడా మిగలకుండా కత్తిరించు. మిగిలితే నువ్వు కీ నొక్కాక దెబ్బ ఆలస్యంగా పడి తాళం తప్పినట్టు వినిపిస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియోలో నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది. మోనోలో తీసుకుంటే అందులో సగం. డప్పుకి మోనో చాలు.

అంతా ఎక్కాక హెడ్‌ఫోన్‌లో ప్రతి టోన్ విను. తర్వాత పెద్ద స్పీకర్‌లో విను. బయటి ప్యాక్‌ల టోన్లు కొన్ని కీబోర్డు సొంత టోన్ల కన్నా గట్టిగా ఉంటాయి. స్టేజీ మీద ఒక్కసారిగా అరిస్తే సౌండ్ ఆయన మొత్తం కీబోర్డునే తగ్గించేస్తాడు. ఇంట్లోనే సమానం చేసుకుని రిజిస్ట్రేషన్లు సేవ్ చేసుకో. ఆ రిజిస్ట్రేషన్ బ్యాంకుల కాపీ పెన్ డ్రైవ్‌లో ఒకటి, లాప్‌టాప్‌లో ఒకటి ఉండాలి. వైఈఎం కోసం ఇంకొకరి లాప్‌టాప్ వాడితే నీ ప్యాక్ ఫైళ్లన్నీ నీ దగ్గర విడిగా ఉంచుకో. వాళ్లు ఎప్పుడో ఫార్మాట్ కొట్టేస్తారు.

శనివారం ప్రోగ్రాం అయ్యాక, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్. కీబోర్డు, అడాప్టర్, ఖాళీ పెన్ డ్రైవ్ తీసుకురా. ఈలోపు ఎన్27 ఫైలు చేసి ఉంచు, అమ్మినాయనకి ఫోన్ చెయ్యి. మీ అత్తయ్య పులిహోర చేస్తానంటోంది. సాయంత్రానికి నాదస్వరం నీ కీబోర్డులో మోగుతుంది.

ఇట్లు,
మీ మామయ్య
రాజమహేంద్రవరం