గాజులు తాకట్టు పెట్టి ఓడ ఎక్కకండి

ప్రశ్న: నా వయసు 41. పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తున్నాను. గాజువాకలో సొంత ఫ్లాట్ ఉంది. జీతం చేతికి 82,000 వస్తుంది. ఇంటి రుణం వాయిదా 26,000, పిల్లలిద్దరి స్కూలు ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 40,000. బ్యాంకులో 70,000 ఉన్నాయి. కంపెనీ తీసిన 3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. డిసెంబరుకు మా పెళ్లయి పదిహేనేళ్లు. సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్‌కు, విమాన టికెట్లతో కలిపి నలుగురికీ 4.6 లక్షలు అవుతుందన్నారు. 10,000 అడ్వాన్సు ఇచ్చాను. మా ఆవిడ బంగారం మీద 10 శాతం వడ్డీకి 3 లక్షలు, మిగతా 1.6 లక్షలు క్రెడిట్ కార్డు మీద 16 శాతానికి 12 వాయిదాల్లో సర్దుదామనుకుంటున్నాను. అంత పెట్టడం సబబేనా?

జవాబు: ఈ లెక్కతోనైతే వెళ్లవద్దు. 2022 జూన్‌లో మన విశాఖ రేవు నుంచి కార్డీలియా ఓడ పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణికులను తీసుకెళ్లింది. 2023 సెప్టెంబరులో క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అప్పటి నుంచి విశాఖలో చాలా ఇళ్లలో ఈ కోరిక పుట్టింది. కోరికలో తప్పేమీ లేదు. పదిహేనేళ్లు ఇల్లు నడిపిన దంపతులు నాలుగు రోజులు సముద్రం మీద గడపాలనుకోవడం ముచ్చటైన విషయం. నన్ను కలవరపెట్టింది ఓడ కాదు, మీరు డబ్బు తెస్తానన్న దారి.

మీ లెక్కే తీసుకుందాం. ఖర్చులు పోను నెలకు 16,000 మిగులుతున్నాయి. కార్డు వాయిదా, వడ్డీ మీద పన్నుతో కలిపి, దాదాపు 14,700. బంగారం రుణానికి వడ్డీయే నెలకు 2,500. రెండూ కలిపితే 17,200. అంటే ఓడ దిగిన మరుసటి నెల నుంచే మీ ఇల్లు లోటులో నడుస్తుంది. ఇంత కట్టినా బంగారం మీద తెచ్చిన 3 లక్షల అసలు రూపాయి కూడా తగ్గదు. ఏడాది తిరిగేసరికి అది కట్టలేక మళ్లీ వడ్డీ కట్టి తిరగరాయించుకుంటారు. అలా మూడు నాలుగేళ్లు తిరగరాయించి, చివరికి వేలం నోటీసు పట్టుకుని నా దగ్గరకు వచ్చినవారిని చూశాను. వారిలో ఒక్కరు కూడా మొదట అంతకాలం ఉంచాలనుకోలేదు.

ఇంకో సంగతి. మన ఇళ్లలో బంగారం నగ మాత్రమే కాదు, అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు మిగిలే ఆఖరి దారి. ఆసుపత్రిలో అర్ధరాత్రి అడ్వాన్సు కట్టమన్నప్పుడు తెల్లవారగానే బయటికి తీసేది ఆ గాజులే. వాటిని విహారానికి తాకట్టు పెడితే, ఆ తెల్లవారుజామున బీరువాలో రసీదు తప్ప ఏమీ ఉండదు. ఈ ఒక్క పొరపాటు ఈ మధ్య పదేపదే చూస్తున్నాను కాబట్టే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

మీకు ఇప్పుడు లేనిది అత్యవసర నిధి. నెలకు 66,000 ఖర్చున్న ఇంటికి బ్యాంకులో 70,000 అంటే జీతం ఆగితే ఒక్క నెల. ఆరు నెలలకు దాదాపు 4 లక్షలు కావాలి. మీ ఓడ ఖర్చుతో పోల్చి చూడండి, కాస్త అటూ ఇటూగా అదే మొత్తం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మీరు విశాఖలోనే ఉండి ఉంటే గుర్తుండే ఉంటుంది: కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పాల ప్యాకెట్టుకు నోటు పట్టుకుని వరుసలో నిలబడాల్సి వచ్చింది. మా వీధిలో లక్షల డిపాజిట్లు ఉన్న పెద్దాయన తాగునీటి డబ్బాల కోసం మా ఇంటికి వచ్చి 500 అప్పు అడిగారు. అందుకే ఆ నిధిలో 20,000 నగదుగా ఇంట్లో ఉంచమంటాను. ఒక నెల ఖర్చు పొదుపు ఖాతాలో, మిగతాది ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే డిపాజిట్‌లో ఉండాలి. నెలనెలా మిగిలే 16,000 మొత్తం ఇటే మళ్లించినా మీకు ఇరవై ఒక్క నెలలు పడుతుంది. బోనస్ వస్తే త్వరగా పూర్తవుతుంది.

ఆరోగ్య బీమా కూడా అంతే అవసరం. కంపెనీ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది, నలుగురికి 3 లక్షలు చాలవు. సొంతంగా కుటుంబ పాలసీ ఇప్పుడే తీసుకోండి. బీపీ, షుగరు బయటపడ్డాక తీసుకుంటే వాటికి మూడేళ్ల వరకు నిరీక్షణ ఉండవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా లేదు. దీని ప్రీమియం వల్ల నిధి ఒకటి రెండు నెలలు ఆలస్యమైతే కానివ్వండి.

ఇక ఓడ ధర. మీరు చెప్పిన 4.6 లక్షలు ఆఖరి మొత్తం కాకపోవచ్చు. సాధారణంగా తక్కువ ధర కిటికీ లేని లోపలి గదికి చెబుతారు. సిబ్బందికి రోజుకు తలా ఇంత అని వేసే టిప్పు, పానీయాలు, ఇంటర్నెట్, రేవులో దిగి తిరిగే ఖర్చు, ఓడలో వైద్యుడి ఫీజు చాలాచోట్ల విడిగా ఉంటాయి. విదేశీ ప్యాకేజీ మీద ముందుగా వసూలు చేసే పన్ను (టీసీఎస్) ఆ ధరలో కలిసిందో లేదో అడగండి. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కానీ కట్టే రోజు మీ జేబులోంచే పోవాలి. ప్రయాణ బీమా లేకుండా మాత్రం ఎవరూ ఓడ ఎక్కవద్దు.

డిసెంబరులో అద్దాల బోగీలో అరకు వెళ్లి రెండు రాత్రులు ఉండి రండి. మిగులులోనే సరిపోతుంది. నిధి నిండాక అదే 16,000 ఓడ పేరుతో వేరే ఖాతాలో వేసుకోండి, అప్పుడు నేనే వెళ్లమంటాను.

ఈ వారంలోనే ట్రావెల్స్ వారిని కలిసి రద్దు నిబంధనలు రాతపూర్వకంగా అడగండి. ప్రయాణం దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది. ఇచ్చిన 10,000 మొత్తం పోయినా సరే, మిగతాది కట్టకండి.