పేగుకీ లివర్‌కీ ఒకేసారి కీహోల్ సర్జరీ.. తట్టుకోగలరా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. పెద్దపేగులో, సిగ్మాయిడ్ అనే చోట క్యాన్సర్ వచ్చి లివర్‌లో రెండు చోట్లకు పాకింది. కీమో అయ్యాక రెండూ ఒకేసారి కీహోల్‌లో తీసేస్తామంటున్నారు. కాంప్లికేషన్లు ఎక్కువేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: మీ టెన్షన్ అర్థమైందమ్మా. కీహోల్ అనగానే చాలామంది చిన్న ఆపరేషన్ అనుకుంటారు, కానీ పొట్ట మీద గాట్లు చిన్నవే తప్ప లోపల చేసే పని మామూలు ఆపరేషన్‌లో చేసేదే. గాట్లు చిన్నవి కావడం వల్ల లాభం లేకపోలేదు. నార్వేలో, లివర్‌కు పాకిన పేగు క్యాన్సర్ ఉన్న 280 మంది మీద చేసిన ట్రయల్‌లో లివర్ సర్జరీ తర్వాత కాంప్లికేషన్లు కోత పద్ధతిలో 31 శాతం మందికి వస్తే కీహోల్‌లో 19 శాతం మందికే వచ్చాయి. అయితే అది లివర్ ఒక్కదాని లెక్క.

రెండూ కలిపి చేసేటప్పుడు అసలు చిక్కు ఎక్కడంటే, లివర్ కోసేటప్పుడు రక్తం ఎక్కువ పోకుండా దానికి వెళ్లే రక్తనాళాలను కాసేపు బిగిస్తారు, సెలైన్ కూడా తగ్గించి ఇస్తారు. అలా బిగించినప్పుడు పేగు నుంచి వెళ్లాల్సిన రక్తం వెనక్కి నిలిచి పేగు ఉబ్బుతుంది, అలాంటి పేగును కలిపి కుడితే ఆ అతుకు సరిగా మానకపోవచ్చు. అందుకే చాలామంది సర్జన్లు ముందు లివర్ పని ముగించి తర్వాతే పేగు జోలికి వెళ్తారు. అతుకు లీకైతే మలం పొట్టలోకి చేరి ఇన్ఫెక్షన్ వస్తుంది. లివర్ వైపు పైత్యరసం లీకవడం, రక్తస్రావం, మిగిలిన లివర్ సరిపోకపోవడం ఉంటాయి.

కాబట్టి సర్జన్‌ను ముందు అడగాల్సింది లివర్‌లో ఎంత తీస్తారు, ఎంత మిగులుతుంది అని. ఆరోగ్యంగా ఉన్న లివర్ 20 శాతం మిగిలినా సరిపోతుంది, కీమో పడిన లివర్‌కైతే కనీసం 30 శాతం ఉండాలి. రెండు చిన్న ముక్కలు తీసి సరిపెట్టేదైతే సిగ్మాయిడ్‌తో కలిపి చేయడం సబబే. లివర్‌లో సగం తీయాల్సి వస్తే మాత్రం, నన్నడిగితే, రెండు విడతలుగా చేయించుకోవడమే మేలు.

కీమో ఆఖరి డోసు తర్వాత ఎన్ని వారాలు ఆగుతున్నారో కూడా కనుక్కోండి, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు. ఈలోగా షుగర్ అదుపులోకి తేవాలి, సిగరెట్ అలవాటుంటే ఇవాళే మాన్పించండి. మధ్యలో కీహోల్ ఆపి పొట్ట తెరిచారని తెలిస్తే ఏదో ఘోరం జరిగిందని కంగారుపడకండి, చాలాసార్లు అది జాగ్రత్త కోసం తీసుకునే నిర్ణయమే.

ఇంటికొచ్చాక జ్వరం, గుండె దడ, పొట్ట ఉబ్బరం, తగ్గాల్సిన నొప్పి పెరగడం, కళ్లు పచ్చబడటం, మాట తడబడి మగతగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే తీసుకెళ్లండి.