ట్రయాథ్లాన్ ట్రైనింగ్‌కి ఏ వాచ్ కొనాలి? ముందు వంటింటి కేలండర్ దగ్గరికి వెళ్ళండి

"వచ్చే ఏడాది గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్ చేద్దామని ట్రైనింగ్ మొదలుపెట్టాను. ప్రోగ్రెస్ ట్రాక్ చేసుకోడానికి ఏ వాచ్, ఏ యాప్ మంచిది?" అని ఒకరు నన్ను అడిగారు.

నేను 2023 అక్టోబరులో ఆ రేసు పూర్తి చేశాను. అప్పటికి నాకు 42 ఏళ్ళు. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తయ్య, ఊరు విశాఖపట్నం. హాఫ్ ఐరన్‌మ్యాన్ అంటే ఒక ట్రయాథ్లాన్, ఒకదాని వెంట ఒకటి మూడు ఆటలు: సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు, అన్నీ కలిపి ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి. ఈతకి ఒక్కదానికే గంటా పది నిమిషాల గడువు. అది దాటితే సైకిల్ ముట్టుకోనివ్వరు. పది నెలలు తయారయ్యాను. వాచ్ నాకూ ఉంది, యాప్ కూడా ఉంది. కానీ నన్ను రేసు దాకా తీసుకెళ్ళింది మా వంటింట్లో మేకుకి వేలాడే కేలండర్. తిథులు, వర్జ్యాలు ఉంటాయే, ఆ పెద్ద కేలండర్. అత్తయ్య అందులో పాల లెక్క రాస్తారు. నేను దాని పక్కనే నా లెక్క రాశాను.

ఆ సంగతి మొదలైంది ఋషికొండ దగ్గర నీళ్ళలో.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం. అప్పటికి మూడు నెలలుగా పూల్‌లో ఈదుతున్నాను. నాలుగు వందల మీటర్లు ఆగకుండా ఈదగలిగితే సముద్రం సులువేనని నా ధీమా. తెలిసినవాళ్ళ ద్వారా ఒక జాలరి బాబాయ్ పడవ మీద తోడు రావడానికి ఒప్పుకున్నాడు. అరవై దాటిన మనిషి. కెరటాలు విరిగే చోటు దాటించి, "ఇంక ఎల్లమ్మా" అన్నాడు. ఒడ్డుకి సమాంతరంగా, విశాఖ వైపు తిరిగి ఈత మొదలుపెట్టాను. నాలుగు బారలకోసారి తల ఎత్తడం, చేతికున్న వాచ్ చూడటం. 300 మీటర్లు. 450. 600. సంఖ్య పెరుగుతోంది, నాకు ఉత్సాహం పెరుగుతోంది. ఇరవై నిమిషాలయ్యాక ఊపిరి తీసుకోడానికి ఆగి ఒడ్డు వైపు చూశాను. బయల్దేరినప్పుడు ఎదురుగా ఉన్న ఎర్ర పెంకుల కప్పు ఇంకా ఎదురుగానే ఉంది. కాస్త పక్కకి జరిగిందేమో, అంతే.

గుండె జారిపోయింది. కాళ్ళ కింద నేల లేదు. పూల్‌లో అయితే పాతిక మీటర్లకోసారి గోడ దొరుకుతుంది, కాలితో తన్నుకుని ఒక క్షణం సేదతీరుతాం. ఇక్కడ పట్టుకోడానికి ఏమీ లేదు. ఉప్పునీళ్ళు మింగాను. ఊపిరి పైపైనే ఆడుతోంది. బాబాయ్ పడవ దగ్గరికి తెచ్చి, చెక్క పట్టుకోమని చెప్పి, చాలా నెమ్మదిగా అన్నాడు: "గడియారం సూడకమ్మా. కొండ సూడు. ముందు ఊపిరి నీటిలోకి మొత్తం ఒగ్గీ."

ఆ ఒక్క మాట నా ఈతని మార్చేసింది. నేను నీళ్ళలో ఊపిరి బిగబట్టి, తల పైకెత్తినప్పుడే వదలడం, తీసుకోవడం రెండూ చేస్తున్నాను. అలా అయితే రెండింటికీ టైమ్ చాలదు, ఆయాసం వస్తుంది. మూడు నెలల్లో పూల్ గట్టు మీద ఎవరూ చెప్పలేదు. పడవలో కూర్చున్నాయన ఇరవై నిమిషాల్లో కనిపెట్టేశాడు.

తర్వాత వెనక్కి తిరిగి ఈదాను. వచ్చిన ఆ కాస్త దూరం ఇట్టే అయిపోయింది. ఒడ్డుకొచ్చాక ఆయన వల సర్దుకుంటూ, "ఎండాకాలం నీరు బీమిలి వైపు లాగుతాది. నువ్వు ఎదురు ఎల్లావు. పైగా అమావాస్య ఎల్లి మూడు రోజులే, పోటు జోరుగా ఉంటాది. మీ ఇంట్లో కేలండర్ లేదా తల్లీ?" అన్నాడు.

ఉంది. రోజూ పొద్దున్నే పాల ప్యాకెట్లు తీసుకుని దాని ముందే నిలబడతాను.

ఆ రాత్రి ఫోన్‌లో చూస్తే నేను వెళ్ళిన దారి రంపం పళ్ళలా ఉంది. చెయ్యి నీళ్ళలో మునిగినప్పుడల్లా జీపీఎస్ సిగ్నల్ పోతుంది. చెయ్యి పైకొచ్చిన ఆ కాస్త సేపట్లో దొరికిన చుక్కల్ని కలుపుకుని వాచ్ దూరం లెక్కేస్తుంది. అటూ ఇటూ గీసిన గీతలన్నీ కలిపి దాన్ని దూరమంటోంది. ఆ యాప్‌లో అప్పటికే పదకొండు మంది శభాష్ అన్నారు. ఉన్నచోటే ఉన్నందుకు.

అందుకే మీకు మొదట చెప్పేది ఇది. ట్రయాథ్లాన్‌లో "ఎన్ని కిలోమీటర్లు" అన్న లెక్క దాదాపు పనికిరాదు. యావరేజ్ స్పీడ్ ఇంకా పనికిరాదు. బీచ్ రోడ్డులో సైకిల్ తొక్కేవాళ్ళెవర్నైనా అడగండి. ఎండాకాలం, వానాకాలం నైరుతి గాలి వీపు మీద తోస్తుంటే భీమిలి దాకా రెక్కలొచ్చినట్టు పోతాం. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. చలికాలంలో గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, అప్పుడంతా తారుమారు. వెళ్ళిన దారి స్పీడు మాత్రమే స్క్రీన్‌షాట్ తీసి పెట్టేవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

నేను చేసిందేమిటంటే, నెలకి ఒక్క ఆదివారం, అదే దారి, అదే సైకిల్, పొద్దున్న అయిదింటికే బయల్దేరి రానూపోనూ 54 కిలోమీటర్లు. ఒకటే షరతు: గుండె వేగం 140 దాటకూడదు. దాటితే గేరు తగ్గించాలి, ఎవరు దాటిపోతున్నా సరే. మార్చిలో 2 గంటల 24 నిమిషాలు పట్టింది. సెప్టెంబరులో 2 గంటల 6 నిమిషాలు. అదే గుండె, అదే కష్టం, పద్దెనిమిది నిమిషాలు తక్కువ. ప్రోగ్రెస్ అంటే నా దృష్టిలో అదొక్కటే. దీనికి మణికట్టు సెన్సర్ కంటే ఛాతీకి కట్టుకునే బెల్టు నయం. చెమటకి, అదురుకి మణికట్టు లెక్క తరచూ తప్పుతుంది.

ఈతకి కూడా అలాంటిదే ఒకటి ఉంది. ఒకే రోజు పూల్‌లో 400 మీటర్లు గట్టిగా ఈదండి, బాగా విశ్రాంతి తీసుకుని 200 ఈదండి. మొదటి టైమ్‌లోంచి రెండోది తీసేసి సగం చెయ్యండి. చాలాసేపు నిలబెట్టుకోగలిగిన మీ వంద మీటర్ల వేగం సుమారుగా అదే. నాకు ఫిబ్రవరిలో 12:20, 5:50 వచ్చాయి. అంటే వందకి 3:15. ఆ లెక్కన 1.9 కిలోమీటర్లకి దాదాపు 62 నిమిషాలు. గడువుకి ఎనిమిది నిమిషాలే తేడా, అది కూడా కెరటాలు లేని నీళ్ళలో! సెప్టెంబరుకి 10:40, 5:00. వందకి 2:50. అప్పుడు కంటినిండా నిద్రపోయాను.

పూల్ మాటొచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. నేను మొదట చేరిన చోట లేడీస్ బ్యాచ్ పదకొండింటికి. ఉద్యోగం చేసే ఆడవాళ్ళు పదకొండింటికి ఎక్కడుంటారు? పొద్దున్న ఆరింటి బ్యాచ్ అడిగితే "అది జెంట్స్‌కమ్మా" అన్నారు. మూడు వారాలు తిరిగి, మరో పూల్ వెతుక్కున్నాను, ఇంటికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో. మన ఊళ్ళలో ఆడవాళ్ళు ట్రయాథ్లాన్ ఎందుకు చెయ్యరని అడిగేవాళ్ళు ముందు ఆ బోర్డు మీది టైమింగ్స్ చదవాలి.

ఇక కేలండర్. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి ముప్పై సెకన్లు నాడి లెక్కపెట్టి రెండింతలు చేసేదాన్ని. పాలు లోపల పెట్టేటప్పుడు ఆ రోజు గడిలో రాసేదాన్ని. జనవరిలో 68 ఉండేది, ఆగస్టుకి 58కి దిగింది. మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువుంటే ఆ రోజు గట్టి ట్రైనింగ్ బంద్. జులైలో మూడు రోజులు వరసగా 67, 68 కనిపించాయి. ఒంట్లో బాగానే ఉంది కదా అని మూడో రోజు పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తాను. నాలుగో రోజు జ్వరం, వారం పోయింది. నాడి మూడు రోజుల ముందే చెప్పింది, నేను వినలేదు.

ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. నెలసరికి ముందు వారం పది రోజులు నాడి రెండు నుంచి నాలుగైదు దాకా పెరగడం మామూలే. ఒళ్ళు కూడా కాస్త వేడిగా ఉంటుంది, ఎండకి త్వరగా అలిసిపోయినట్టు అనిపిస్తుంది. ఇది తెలియక ప్రతి నెలా ఆ వారం నా ఫిట్‌నెస్ పోయిందని టెన్షన్ పడేదాన్ని. వాచ్ కూడా అదే చెప్పేది, మీ శ్రమ ఫలించట్లేదని. నేను డబ్బు కట్టి తీసుకున్న ఆన్‌లైన్ ప్లాన్‌లో నాలుగు వారాల టేబుల్ ఉంది, అందులో ఈ ఊసే లేదు. కేలండర్‌లో ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాక రెండు నెలల్లోనే అర్థమైంది. ఆ వారం గట్టి పరుగులు తగ్గించి, తీరిగ్గా ఈత ఎక్కువ పెట్టుకున్నాను. భయం పోయింది.

చెమట కూడా కొలవండి. గంట పరుగుకి ముందు, తర్వాత, ఒళ్ళు తుడుచుకుని బరువు చూసుకోండి. మే నెల ఉక్కలో నేను మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి కూడా 1.2 కిలోలు తగ్గాను. అంటే గంటకి లీటరున్నర చెమట. అందరూ కొబ్బరినీళ్ళు తాగమంటారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ఎక్కువగా సోడియం, అంటే ఉప్పు. బొండాం తాగండి, కానీ దాన్నే నమ్ముకుని 21 కిలోమీటర్లు పరిగెత్తకండి. నేను సైకిల్ సీసాలో ఓఆర్ఎస్ కలుపుకున్నాను, ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ.

వాచ్ ఏది కొనాలన్నారు కదా. ఛాతీ బెల్టుకి కనెక్ట్ అయ్యేది, నీళ్ళలో పాడవనిది, మీ బడ్జెట్‌లో ఏదైనా సరే. మిగిలిన డబ్బుతో సైకిల్‌ని మీ కాళ్ళకి, చేతులకి సరిగ్గా సెట్ చేయించుకోండి.

గోవాలో మీరామార్ బీచ్ దగ్గర నీళ్ళలోకి దిగినప్పుడు వాచ్ చేతికే ఉంది. ఒక్కసారి కూడా చూడలేదు. దారి చూపడానికి నీళ్ళలో తేలేసిన బోయా వెనకాల ఒడ్డు మీద కదలనిదేదో ఒకటి గుర్తు పెట్టుకుని దానికేసి ఈదాను. గంటా నాలుగు నిమిషాలకి ఇసక మీదికొచ్చాను. మొత్తం రేసు 7 గంటల 48 నిమిషాలు.

ఆ సంవత్సరం కేలండర్‌ని పారెయ్యనివ్వలేదు. అక్టోబరు పేజీలో గోవాకి బయల్దేరిన రోజు నుంచి నా నాడి అంకెలు లేవు. నేను రాయలేదు, ఇంట్లో లేను కదా. రేసు ఆదివారం గడిలో మాత్రం పాల లెక్క పక్కన అత్తయ్య చేతిరాత ఉంది: "అర లీటరు. అమ్మాయి సముద్రంలో ఉంది."