సీసాలున్నది కొత్త జాతే, పేరే ఇంకా పెట్టలే

"సముద్రమే లేని తెలంగాణ నుంచి పోయి సముద్ర జీవుల్లో కొత్త జాతిని కనిపెట్టొచ్చా? ఎన్ని రోజులు పడుతది?" అని అడిగినవు తమ్మీ. దొరుకుడుకు ఒక్క పూట. అది కొత్తదే అని నిరూపించుడుకు ఎన్నేండ్లో నాకింకా లెక్క తేలలే.

మాది దేవరకొండ దిక్కు. మాకు సాగర్ అంటే నాగార్జునసాగరే. అసలు సముద్రం నేను చూసింది ఎమ్మెస్సీల, ఇరవై రెండేండ్లకు. ఆ తర్వాత ఒక ప్రాజెక్టుల మూడేండ్లు గొట్టాల బతికే అనిమోన్ల మీద, అంటే పువ్వు లెక్క కనిపించే సముద్ర జీవుల మీద పనిచేసిన. వీటిని అందరు సీ అనిమోన్లే అంటరు గాని, అసలు అనిమోన్లు వేరు, ఇవి వేరు. సెరియాంథేరియా అని వీటి వంశమే పక్కకుంటది.

కచ్ ఖాతంల ఆటు సమయానికి నీళ్లు మస్తు దూరం వెనకకు పోతయి. అటవీ శాఖ పర్మిషన్ కాయితాలు సంచిల పెట్టుకొని, మోకాలి లోతు బురదల మేం నలుగురం పోయినం. ఒక గుంతల ఇంత నీళ్లు, దాంట్ల పువ్వు విచ్చుకున్నట్టు ఒకటి. బయటి వరుసల పొడుగు మీసాలు, లోపల నోటి చుట్టూ పొట్టి మీసాలు. ఇట్ల రెండు వరుసలుంటే గొట్టందే అని లెక్క. నా నీడ పడంగనే సప్పున లోపలికి జారింది. మా సీనియర్ ఒకాయన గొట్టం మూతి పట్టుకొని గుంజిండు. గొట్టం వచ్చింది. లోపల ఏం లేదు.

ఆ గొట్టం చేతిల పట్టుకుంటే తడిసిన గొంగడి ముక్క లెక్కనే ఉన్నది. లోపలి దిక్కు మాత్రం నున్నగ, జారుడుగ. అనిమోన్లకు, జెల్లీ చేపలకు కుట్టే కణాలుంటయి గదా, వీటికి వాటితోపాటు ఇంకో రకం ఉంటయి, టైకోసిస్టులు. ఇవి కుట్టయి కావు, దారం వదులుతయి. ఆ దారాలు లక్షల కొద్దీ అల్లుకొని, బురద అంటుకొని గొట్టం తయారైతది. ఈ దారపు కణం లోకంల ఇంకే జీవికీ లేదు. మగ్గం లేని నేత అని నేనంటే మా సారు నవ్విండు.

నాకు అప్పుడు మా మేనమామ యాదికొచ్చిండు. ఆయన బోరు మోటర్లు ఎత్తే పని చేస్తడు. మోటరు ఇరికితే పైనుంచి ఊకె గుంజితే తాడు తెగుతది, మోటరు ఇంకింత కిందికి పోతది అని చిన్నప్పటి నుంచి వింటున్న. బోరుకైతే పక్కన తవ్వే వీలు లేదు, బురదకు ఉన్నది. గొట్టానికి జానెడు ఎడంగ గడ్డపారతోని తవ్విన. తవ్విన కొద్దీ నీళ్లు ఊరుతున్నయి, గోడ కూలుతున్నది. బురదల పండుకొని భుజం దాక చెయ్యి పెట్టి, తడుముకుంటూ గొట్టం కింది భాగం దొరకబట్టి గట్టిగ పిసికిన. అంతే, ఇంక కిందికి జారే తొవ్వ లేదు. పైన మావోళ్లు మట్టి తీసిండ్రు. అట్ల మూడింటిని తీసినం. అప్పటికే పోటు మొదలైంది, ఒడ్డు మీది గార్డు ఈల మీద ఈల.

ఇగ అసలు కడుపుమంట ఈడ. అది బయటికొచ్చినంక దాన్ని ముందుగాల మత్తుల పెట్టాలె, మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీళ్లల్ల. అది ఒళ్లు వదులు చేసి సాగినంక డీఎన్‌ఏ కోసం చిన్న ముక్క కోసి ఆల్కహాల్‌ల, మిగిలింది ఫార్మలిన్‌ల. ఫార్మలిన్ ముందు పోస్తే డీఎన్‌ఏ పాడు. ఆ సీనియర్‌కు రైలు తొందర. రెండింటి మీద అక్కడనే ఫార్మలిన్ పోసిండు. అవి ఎండిన బత్తాయి లెక్క ముడుసుకపోయినయి. వాటిని కోసి చూస్తే ఏది ఎక్కడున్నదో ఆ దేవునికే తెల్వాలె. మూడో దాన్ని బకెట్ల పెట్టి, మూత మీద తువ్వాల కప్పి, లాడ్జి బాత్రూంల దాచిన. లాడ్జి యజమాని గుడ్డు కూడ ముట్టని మనిషి. బకెట్ల ఏందని అడిగితే బట్టలు నానబెట్టిన అన్న. రాత్రి రెండు దాక లేచి లేచి చూసిన.

ఆ ఒక్కటే ఇప్పటికీ మా ఆస్తి.

దాని రంగు చూసి కొత్తది అనొద్దు తమ్మీ. ఒకే జాతిల ఊదా ఉంటది, గోధుమ ఉంటది, తెలుపు ఉంటది, ఆల్కహాల్‌ల పడితే అన్నీ ఒకటే పాలిపోయిన రంగు. కడుపుల నిలువు తెరలుంటయి, అవి ఎన్ని, ఏది ఎంత పొడుగు, ఏ వరుసల ఉన్నయి, అదే వీటికి జాతకం. కొత్త తెరలు ఒక్క దిక్కే పుట్టుకుంట పోతయి. మైనంల పెట్టి పల్చగ కోసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద నాలుగు నెలలు లెక్కబెట్టిన. ఇంక కుట్టే కణాల కొలతలు వేరే.

సరే, లెక్క తేలింది, దేనికీ కలువలే. మరి కొత్తదే గదా? కాదంట. వందేండ్ల కింద యూరోపోళ్లు వీటి పిల్లలను సముద్రంల తేలుతుంటే పట్టి, అవి ఏ జాతి పిల్లలో తెల్వకుండనే వేరే జాతులుగ పేర్లు పెట్టిండ్రు. తల్లి ఎవరో తెల్వని పేర్లు ఇప్పటికీ బోలెడున్నయి. నా దానికి చిన్నప్పుడే ఎవరన్న పేరు పెట్టి ఉంటే? ఆ పాత వర్ణనలు జర్మన్‌ల, ఫ్రెంచ్‌ల. డీఎన్‌ఏ చేస్తే తేలిపోతది అంటరు ఇప్పటి పోరగాండ్లు. పాత నమూనాల డీఎన్‌ఏ లేనిది దేనితోని పోలుస్తరు? పైగా వీటి జన్యువులు కూడ మామూలువి కావు. మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏ 16,569 అక్షరాలైతే, ఐసారాక్నాంథస్ అనే గొట్టం జీవిది 80 వేలు దాటిందని 2019ల తేలింది. అదీ ముక్కలు ముక్కలుగ.

నిరూపించినంక కూడ అయిపోదు. ఒక నమూనాను హోలోటైప్ అని, అంటే ఆ పేరుకు గుర్తుగ నిలిచే అసలు నమూనా అని ఎన్నుకోవాలె. మన దేశంల అయితే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం దాన్ని ప్రభుత్వం గుర్తించిన సంస్థల దాచాలె, కోల్‌కతాల 1916 నుంచి ఉన్న జువాలాజికల్ సర్వే అసుంటి దాంట్ల. ఆన్‌లైన్ పత్రికల అచ్చేస్తే జంతువుల శాస్త్రీయ పేర్లు రాసిపెట్టే జూబ్యాంకు అనే రిజిస్టరుల నమోదు కూడ ఉండాలె, 2012 నుంచి అది రూలు. నేను పేరు కూడ అనుకున్న, నల్గొండెన్సిస్ అని. "ఎన్సిస్ అంటే ఆ ఊర్ల దొరికేది అని అర్థం, నల్గొండల సముద్రం ఎప్పుడు తవ్విండ్రు?" అన్నడు మా సారు.

ఒక్క నమూనాతోని పేరు పెడితే రేపు తప్పయితది, ఇంకో రెండు కావాలె అంటడు. ఆయన మాట సబబే, గాని ప్రాజెక్టు పైసలు అయిపోయినయి. జాతులను గుర్తుపట్టే చదువుకు ఈ దేశంల కొలువులు లేవు, గ్రూప్స్ కోచింగ్‌కైతే సందు సందుకో సెంటరు. నన్నడిగితే అది కొత్తదే. మూడు వందల స్లైడ్లు చూసిన కండ్లు నావి.

నువ్వు పోతానంటే పో, సముద్రం లేదన్నది ఒక అడ్డమే కాదు. మెగ్నీషియం క్లోరైడ్ మాత్రం నీ సంచిలనే పెట్టుకో, ఎవ్వరికీ ఇయ్యకు.

దసరాకు ఇంటికి పోతే మా నాయిన ప్రతిసారి అడుగుతడు, "మీ పురుగుకు పేరు పెట్టిండ్రా?" అని. ఇంకా లేదంటే, "మన బర్రెదుడ్డెకు పుట్టిన్నాడే పెట్టినం గదరా" అంటడు.