బీర పిందె రాలుతుంటే తేనెటీగల పెట్టెలు కొనాలా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర కొండవీటి కొండల కింద ఊరు. ఎకరంన్నరలో పందిరి బీర వేశాను. యాభై రోజుల పంట. పూత విపరీతంగా ఉంది కానీ పిందె వేలెడు కాగానే పసుపు తిరిగి రాలిపోతోంది. నిలిచిన కాయలు కూడా వంకర పోతున్నాయి. పొద్దున ఎనిమిదింటికి తోటంతా తిరిగినా ఒక్క తేనెటీగ కనపడదు. వాతావరణం మారి కొండల్లో పూలకీ తేనెటీగలకీ పొంతన తప్పిందని పరిశోధనల్లో తేలినట్టు ఫోన్‌లో చూశాను. మా కొండ మీద కూడా తేనెపట్లు కనపడడం లేదు. షాపులో బోరాన్ ఇస్తే మూడుసార్లు కొట్టాను, ఇప్పుడు ఆకుల అంచులు మాడుతున్నాయి. పెంకు పురుగుకీ పండు ఈగకీ వారానికోసారి మందు కొడుతున్నాను (బోరాన్ కూడా ఆ ట్యాంకులోనే కలిపాను, షాపు బిల్లు పంపుతున్నాను), అదీ తేనెటీగలకు ఇబ్బంది లేకుండా సాయంత్రం ఐదు తర్వాతే. పెట్టెలు తెచ్చి పెట్టమంటారా? ఆడపూలు పెరగడానికి వాడే ఎథ్రెల్ కొట్టవచ్చా?

జవాబు: పెట్టెలు ఇప్పుడు వద్దు. ముందు సాయంత్రం మందు ఆపండి.

బీర పువ్వు విచ్చేదే సాయంత్రం. ఐదు నుంచి ఎనిమిది గంటల మధ్య విచ్చుకుంటుంది, పుప్పొడి రాలేదీ అప్పుడే, మర్నాడు పొద్దెక్కేసరికి వాడిపోతుంది. మీరు ఎనిమిదింటికి వెళ్లి తేనెటీగలు లేవంటే ఎలా? పని అయిపోయాక వెళ్లారు. మునిమాపు వేళ ఆరున్నరకి పందిరి కింద నిలబడి చూడండి. రెక్కల పురుగులు, నల్ల తుమ్మెదలు, వెలుతురు ఉన్నంతసేపు తేనెటీగలు, వీటిలో ఏదైనా రావాలి. సరిగ్గా ఆ వేళకే మీరు ట్యాంకు భుజాన వేసుకుంటున్నారు. సాయంత్రం మందు కొట్టమనే సలహా దోస, పుచ్చ, కాకరకి సరిపోతుంది, ఎందుకంటే వాటి పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి. బీరకీ సొరకీ అదే సలహా తిరగబడుతుంది. ఈ తేడా మందు అమ్మేవాళ్లు చెప్పరు.

మీరు చూసిన పరిశోధన నిజమే, కానీ అది మీ కొండ గురించి కాదు. అమెరికాలోని కొలరాడోలో రాకీ పర్వతాల మధ్య, దాదాపు 2,900 మీటర్ల ఎత్తున గోథిక్ అనే చోట 1973 నుంచి ఏటా పూలు లెక్కపెడుతున్నారు. అక్కడ మంచు ముందుగా కరుగుతోంది. మంచు కరగగానే పూసే ఒక లిల్లీ జాతి మొక్క 1970లతో పోలిస్తే రెండు వారాలకు పైగా ముందే పూస్తోంది. దాని తేనె తాగే హమ్మింగ్ పక్షి మెక్సికో వైపు నుంచి వలస రావాలి, అది అంత ముందుకు జరగలేదు. ఇంకో చిక్కు, తొందరపడి వచ్చిన మొగ్గలు ఆ తర్వాత పడే గడ్డమంచుకి మాడిపోవడం. ఇదంతా మంచు పెట్టే గడువు మీద నడిచే వ్యవహారం. కొండవీటి కొండ మీద మంచు ఎక్కడిది? అక్కడ చిక్కు పువ్వు వేళకీ పక్షి రాకకీ మధ్య, మీ తోటలో పూత వేళా మందు వేళా ఒకటే. కొండ తేనెటీగలంటారా, అవి పూత దొరికే చోటికి వలస పోతాయి. ఎండాకాలంలో పట్లు కనపడనంత మాత్రాన జాతి పోయినట్టు కాదు.

ఎండ ప్రభావం అసలు లేదనను. ఏప్రిల్ వేడికి పుప్పొడి దెబ్బతింటుంది, మగపూలు పెరుగుతాయి. అందుకే పూత విపరీతంగా ఉందని మురిసిపోకండి. పువ్వు కింద చిన్న పిందె ఉంటేనే ఆడపువ్వు. గుత్తిగా వచ్చేవన్నీ మగపూలే. యూరియాతో మగపూలే ఇంకా పెరుగుతాయి, వేస్తుంటే ఆపండి.

ఇక రోగ నిర్ధారణ మీరే చేసుకోవచ్చు. రాలిన పిందెలు ఇరవై ఏరి కోయండి. లోపల తెల్ల పురుగు ఉంటే పండు ఈగ. పురుగు లేకుండా కొస నుంచి పసుపు తిరిగి ముడుచుకుంటే పరాగ సంపర్కం జరగలేదు. వంకర కాయని నిలువునా చీరండి, లోపలికి ముడిచిన వైపు గింజలు ఉండవు. ఇవాళే సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య అప్పుడే విచ్చిన మగపువ్వు రేకలు తుంచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకి చాలు. అలా ఇరవై పూలకి చేసి ఎర్ర దారం కట్టండి. ఐదో రోజుకి దారం ఉన్నవి లావెక్కి, లేనివి రాలుతుంటే మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే. ఎకరంన్నరకీ ఇలా కూలీలతో రుద్దించమని చెప్పడం లేదు. చైనాలో మావోషియన్ కొండల్లో ఆపిల్, పియర్ తోటల వాళ్లు చెట్లెక్కి చేత్తో పుప్పొడి అద్దే పరిస్థితి వచ్చింది. అతిగా మందులు కొట్టడం దానికి ఒక ముఖ్య కారణం.

మీరు పంపిన బిల్లు చూశాను. ఇమిడాక్లోప్రిడ్, లామ్డా సైహలోత్రిన్, బోరాన్ మూడూ ఒకే ట్యాంకులో! మొదటిది మొక్క రసంతో పాటు పుప్పొడిలోకీ తేనెలోకీ చేరుతుంది, రెండోది తగిలిన తేనెటీగని అక్కడే పడగొడుతుంది. రెండూ మానేయండి. పెంకు పురుగుతో భయం రెండు నుంచి నాలుగాకుల దశలోనే. పందిరెక్కిన తీగని అది పెద్దగా ఏమీ చేయలేదు, ఏ పురుగని మీరు వారం వారం కొడుతున్నారు?

పండు ఈగకి ఎకరాకి 10 ఎర బుట్టలు పెట్టండి, ఎర 45 రోజులకి మార్చండి. కొనేటప్పుడు క్యూలూర్ అని చదివి తీసుకోండి. మామిడికి వాడే మిథైల్ యూజినాల్ అంటగడితే వెనక్కి ఇచ్చేయండి, తీగజాతి ఈగ దానికి రాదు. పుచ్చు కాయలు గట్టు మీద పారేయకుండా రెండడుగుల గొయ్యిలో పూడ్చండి. ఇంకా తప్పదనుకుంటే 1500 పీపీఎం వేపమందు లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున, పొద్దున పూలు వాడాక, పది గంటల్లోపు కొట్టండి. పక్క చేలో దోస ఉంటే మీరు కొట్టే వేళకి దాని మీద తేనెటీగలు తిరుగుతుంటాయి, ఆ వైపు నాలుగు సాళ్లు వదిలేయండి.

ఆకుల అంచులు మాడడం బోరాన్ ఎక్కువై వచ్చింది అనుకుంటున్నాను. ఇక కొట్టకండి. పంట తీశాక మట్టి పరీక్షకి ఇవ్వండి, ఊళ్లో రైతు సేవా కేంద్రంలో అడిగితే నమూనా ఎలా తీయాలో చూపిస్తారు. బోరాక్స్ పనికొచ్చే అదను వేరు. మొక్క 2-4 ఆకుల దశలో లీటరుకి 3-4 గ్రాములు కొడితే ఆడపూలు పెరుగుతాయి. ఎథ్రెల్‌దీ అదే దశ, 10 లీటర్లకి 2.5 మి.లీ. యాభై రోజుల తీగకి రెండూ దండగ, వచ్చే పంటకి చూసుకోండి.